కర్నూలు జొన్నరొట్టెల బండి: కడుపు మాడ్చే డైటింగులు మానేసినవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పొద్దు గూకితే చాలు, కర్నూలులో జొన్నరొట్టెలు తట్టే చప్పుడు మొదలవుతుంది. పాత బస్టాండు వైపు నుంచి సి.క్యాంపు దాకా రోడ్డు వార ఒక రేకుల పందిరి, రెండు మూడు పెనాలు, పిండి తట్టే అక్కలు, మూతలు పెట్టిన కూర గిన్నెలు కనిపిస్తాయి. ఒకప్పుడు చేలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లు తిన్న రొట్టె ఇది. ఇప్పుడు షుగరు ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు వరసలో నిలబడి పార్శిల్ కట్టించుకుపోతున్నారు.

ఆ వరసలో ఒక రకం మనుషుల కోసం ఈ సమీక్ష. సూపులు, జ్యూసులు, ఒంటిపూట తిండి, డబ్బా పౌడర్లతో నెలకు పది కిలోలు తగ్గి, ఆర్నెల్లలో పన్నెండు కిలోలు పెరిగి, మళ్లీ ఇంకో డైటు మొదలుపెట్టి, చివరికి విసిగిపోయి, ఈసారి నెమ్మదిగా, ఒంటికి దెబ్బ తగలకుండా తగ్గాలనుకున్నవాళ్లు. ఏ ఒక్క బండి పేరూ చెప్పడం లేదు. మీ వీధి చివర ఉన్న బండినే ఎలా చూసుకోవాలో, అక్కడ ఏది ఎంత పెట్టించుకోవాలో చెబుతున్నాం. క్యాలరీల అంకెలు మాత్రం కావాలనే వదిలేశాం. ఏళ్ల తరబడి ఆ లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకు ప్రతి ముద్ద మీదా ఒక అంకె కనబడుతుంది, ఆ కళ్లద్దాలు తీసేయడమే ముందు జరగాల్సిన పని. గరిటెలు, చెంచాలు, రొట్టెల లెక్క చాలు.

తీర్పు ముందే చెప్పేస్తే: రొట్టెకు నూటికి తొంభై మార్కులు. కూరలకు యాభై. మాంసకృత్తులకు ముప్పై. ఆ ముప్పైని డెబ్భై చేసుకోవడం మీ చేతిలో ఉంది.

రొట్టెతో మొదలుపెడదాం. మరిగే నీళ్లలో ఉప్పు వేసి పిండిలో పోసి, ముందు గరిటెతో, తర్వాత వేడి ఆరకముందే అరచేత్తో బాగా పిసుకుతారు. జొన్నలో గ్లూటెన్ (గోధుమపిండిని సాగేలా చేసే మాంసకృత్తు) ఉండదు. మరిగే నీళ్లకు పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది, ఆ జిగురే రొట్టెను విరగకుండా పట్టి ఉంచుతుంది. చల్లనీళ్లతో కలిపితే అంచులు పగిలిపోతాయి. తట్టిన రొట్టెను పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు రాసి, తడి ఆరగానే తిప్పి, చివర్లో మంట మీద పొంగిస్తారు. మొత్తం పనిలో నూనె చుక్క పడదు. ఊళ్లో రాత్రిపూట దొరికే టిఫిన్లలో దోసె, పరోటా, పూరీ, నూడుల్స్ పక్కన పెట్టి చూస్తే ఇదొక్కటే పెద్ద తేడా, కానీ చాలా పెద్ద తేడా.

తట్టే చెయ్యిని బట్టి ఒక రొట్టెకు 60 నుంచి 80 గ్రాముల పిండి పడుతుంది. నూరు గ్రాముల జొన్నలో మాంసకృత్తులు దాదాపు 10 గ్రాములు, పీచు కూడా దాదాపు 10 గ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు మూడు గ్రాములకు మించదు. అంటే ఒక రొట్టెతో ఆరేడు గ్రాముల పీచు లోపలికి పోతుంది. నమిలి మింగడానికి టైము పడుతుంది, కడుపులో నిలుస్తుంది. బరువు తగ్గడానికి జొన్న చేసే సాయం ఇంతే. జొన్న కొవ్వు కరిగిస్తుందని బండి మీద బోర్డు ఉంటే నమ్మొద్దు. షుగరుకు మందు అనీ నమ్మొద్దు, జొన్నలో ఉన్నదీ పిండిపదార్థమే. ఒక రొట్టెకు పట్టే పిండి, ఒక పెద్ద కప్పు అన్నానికి పట్టే బియ్యంతో దాదాపు సమానం. అన్నం మానేశాం కదా అని నాలుగు రొట్టెలు తింటే నాలుగు కప్పుల అన్నం తిన్నట్టే.

పిండి మంచిదా కాదా అన్నది తినేవాళ్లకు తెలిసిపోతుంది. రొట్టె తుంచినప్పుడు జొన్న టక్కున విరుగుతుంది. చపాతీలా సాగితే గోధుమపిండో మైదానో కలిసినట్టు. తట్టడం సులువవుతుందని కలుపుతారు. మరీ తెల్లగా, చల్లారాక అట్టలా గట్టిపడితే బియ్యప్పిండి కలిసిందేమో అడగండి. నాలుక చివర చేదు తగిలితే పిండి పాతది. జొన్న గింజ మొలక భాగంలో నూనె ఉంటుంది, పిండి ఆడించాక దానికి గాలి తగిలి ముక్కిపోతుంది. కర్నూలు ఎండల్లో రెండు మూడు వారాలకే ఆ వాసన వస్తుంది. కాబట్టి ఏ పూటకాపూట పిండి ఆడించుకునే బండినో, చిన్న సంచులు తెచ్చుకునే బండినో పట్టుకోండి. నంద్యాల వైపు నల్లరేగడిలో పండే మాఘీ జొన్నతో చేసిన రొట్టె తెల్లగా, తియ్యగా ఉంటుంది. వానాకాలపు గింజ కోతప్పుడు తడిస్తే నల్లబడుతుంది, రొట్టె రుచీ తగ్గుతుంది. గోధుమ అసలే పడని జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అదే పెనం మీద చపాతీలు కాల్చే బండికి పోకూడదు.

కూరల దగ్గరికి వస్తే మార్కులు పడిపోతాయి. గిన్నె మీద తేలే నూనె చూస్తేనే తెలుస్తుంది. గుత్తివంకాయలో బుడ్డలు (వేరుశనగలు), నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారు, పైన మళ్లీ నూనె. ఒక గరిటె కూరతో రెండు మూడు చెంచాల నూనె ప్లేటులోకి రావొచ్చు. చేయాల్సింది తేలిక. “అక్కా, అడుగు నుంచి వెయ్యి, నూనె వంచి వెయ్యి” అని అడగండి. రోజూ వచ్చేవాళ్లు అడిగితే ఎవరూ కాదనరు. ఒక వంకాయ, రెండు చెంచాల గుజ్జు చాలు. దాని బదులు ఆకుకూర పప్పు ఉంటే అదే ముందు. గోంగూర, చిక్కుడు, బీరకాయ లాంటివి దొరికిన రోజు రెండు గరిటెలు వేయించుకోండి. చాలా బండ్ల మీద కాయగూరలు తక్కువ, కారాలు ఎక్కువ. ఇది నిజమైన లోటు. ఇంటికి పార్శిల్ తెచ్చుకునేవాళ్లు ఒక కీరదోసకాయ, ఒక ఉల్లిగడ్డ, ఒక టమోటా కోసి పెట్టుకుంటే లోటు తీరుతుంది. సి.క్యాంపు రైతుబజారులో సాయంత్రం కొన్నా సరిపోయే సరుకే.

ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పాత డైట్ల అలవాటు ఉన్నవాళ్లు బుడ్డల పొడి చూసి భయపడతారు. “నూనె వస్తువు” అని పక్కకు నెట్టి, ఉత్త రొట్టె, పచ్చిమిరప కారంతో తిని లేస్తారు. రెండు గంటలకు కడుపు మండి, ఇంట్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్టు ఖాళీ అవుతుంది. ఒక పెద్ద చెంచా బుడ్డల పొడి, అంటే సుమారు పది గ్రాములు, ఏ భయం లేకుండా తినాల్సిందే. అందులో రెండున్నర గ్రాముల మాంసకృత్తులు, ఐదు గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆకుకూరలోని ఎ విటమిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. కొవ్వు బొత్తిగా లేని తిండితో వేగంగా బరువు తగ్గితే పిత్తాశయం ముడుచుకుని ఖాళీ అయ్యే పని తగ్గిపోతుంది, పిత్తం నిలిచిపోయి రాళ్లు కట్టే ముప్పు పెరుగుతుంది.

మాంసకృత్తులకు ముప్పై మార్కులే ఎందుకంటే, రెండు రొట్టెలతో పన్నెండు నుంచి పదహారు గ్రాములు వచ్చినా, జొన్న మాంసకృత్తుల్లో లైసిన్ అనే అవసరమైన ముక్క (అమైనో ఆమ్లం) తక్కువ. పప్పులు, శనగలు, గుడ్డు, పెరుగులో అది దండిగా ఉంటుంది కాబట్టి జొన్నకు వాటి తోడు తప్పనిసరి. బండి పప్పు మరీ పలుచన, ఒక గరిటెలో నాలుగైదు గ్రాములు దొరికితే గొప్ప. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన దేశపు పోషకాహార ప్రమాణం. బరువు తగ్గే రోజుల్లో కండ కరగకుండా ఉండాలంటే కిలోకు ఒక గ్రాము, కాస్త పైన ఉండడం మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పెంచకూడదు. 65 కిలోల మనిషి మూడు పూటలా సర్దుకుంటే పూటకు ఇరవై గ్రాముల పైన పడుతుంది. అందుకే రొట్టెల పూటకు ఒక ఉడికిన గుడ్డు, లేకపోతే చిన్న గిన్నె ఉడికిన శనగలు, పెసలు, లేకపోతే ఒక కప్పు గట్టి పెరుగు కలపండి. గుడ్డు ఆరు గ్రాములు ఇస్తుంది. కోడిగుడ్డు పొరటు, చికెన్ పులుసు పెట్టే బండ్లు కూడా ఉన్నాయి. పులుసులో ముక్కలు తిని, నూనె తేలిన పులుసు సగం వదిలేస్తే అది మంచి పూటే.

పౌడరు డబ్బాలు, ఒంటిపూట తిండితో తగ్గినవాళ్లకు ఈ లెక్క ఎందుకు అంత ముఖ్యమంటే, అప్పుడు పోయిన కిలోల్లో కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. మొదటి వారంలో పోయింది చాలావరకు నీరే. కాలేయంలో, కండల్లో దాచుకున్న చక్కెర నిల్వ కరిగితే, ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు దానితో పాటు వెళ్లిపోతుంది. తిండి మొదలుపెట్టగానే ఆ నీరు తిరిగి వస్తుంది, మనిషి “రెండు రోజులు తింటేనే రెండు కిలోలు పెరిగాను” అని హడలిపోయి మళ్లీ పస్తులుంటుంది. కండ తగ్గిన ఒంటికి విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. అదే తిండికి ఈసారి ఎక్కువ బరువు పెరగడం వెనక ఉన్న సంగతి ఇది. మనసు బలహీనత అని తిట్టుకోనక్కర్లేదు.

ఎన్ని రొట్టెలు? బండి దగ్గర ఎక్కువగా అడిగే ప్రశ్న. ఒళ్లు కదలని పని చేసే ఆడవాళ్లకు ఒకటిన్నర నుంచి రెండు, మగవాళ్లకు రెండు నుంచి మూడు, పైన చెప్పిన పప్పు, గుడ్డు, కాయగూరతో సరిపోతాయి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు ఇంకొకటి పడుతుంది. మొదటి రొట్టె తిన్నాక పది నిమిషాలు ఆగి, అప్పుడు రెండోదానికి చెయ్యి చాపండి. ఆకలి తీరకపోతే మూడోది తినండి. ఆకలితో లేవడం ఈ దారిలో గొప్పతనం కాదు, రాత్రి పదకొండుకు ఫ్రిజ్ తలుపు తెరిపించేది అదే.

అయితే బండి దగ్గర నాలుగు, ఐదు రొట్టెలు తిని, పక్క బండిలో మిరపకాయ బజ్జీలు కూడా తినేసి, ఇంటికి పోయి ఏడ్చేవాళ్ల సంగతి వేరు. దానికి కారణం రొట్టెలో వెతకొద్దు, పొద్దున నుంచి ఏం తిన్నారో చూడండి. టీ, రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం సగం కప్పు అన్నం, సాయంత్రం మళ్లీ టీ. అలా ఉంటే రాత్రికి ఎవరైనా ఆగలేరు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆర్నెల్ల పాటు తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది, వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నారు, ఆంక్ష తీసేశాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక తిన్నారు. పస్తు పెట్టిన ఒళ్లు అలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి జొన్నరొట్టె పూట బాగుండాలంటే పొద్దున ఉగ్గాని తిన్నా పక్కన గుడ్డో, వేయించిన శనగపప్పో ఉండాలి. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ కడుపు నిండా తినాలి. సోనా మసూరి పండే ఊళ్లో పుట్టి అన్నానికి శత్రువు కావాల్సిన పని లేదు. మూడింటి నుంచి ఐదింటి మధ్య ఒక పండు, గుప్పెడు ఉడికిన బుడ్డలు తింటే, ఏడింటికి బండి దగ్గర మనిషి ప్రశాంతంగా నిలబడుతుంది.

మొదటి రెండు వారాలు కడుపు ఇబ్బంది పెట్టొచ్చు. ద్రవాల మీద బతికిన పేగుకు ఒక్కసారి పదిహేను గ్రాముల పీచు పడితే ఉబ్బరం, గ్యాసు, కొందరికి మలబద్ధకం వస్తాయి. జొన్న పడలేదని మానేస్తారు. వారానికి మూడు రాత్రులు, ఒక్కో రొట్టెతో మొదలుపెట్టి, మిగతా భాగం అన్నంతో సర్దుకుని, రెండు మూడు వారాల్లో పెంచుకోండి. నీళ్లు తాగకుండా పీచు పెంచితే మలం రాయిలా అవుతుంది, ఇది బాగా జరిగే పొరపాటు. రక్తం తక్కువ ఉన్నవాళ్లు, డైటింగులతో నెలసరి, జుట్టు పాడైనవాళ్లు రొట్టె తిన్నాక వెంటనే టీ తాగొద్దు. జొన్నలో ఇనుమును పట్టి ఉంచే పదార్థాలు ఎలాగూ ఉన్నాయి, టీ ఇంకా అడ్డుపడుతుంది. కూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము కొంత ఎక్కువ పడుతుంది.

బండి తిండిలో ఉప్పు ఎక్కువ. ఎర్రకారం, ఊరగాయ, ఉల్లికారం కలిస్తే మరీ ఎక్కువ. మర్నాడు పొద్దున తూకం మిషను ఎక్కితే అర కిలో, కిలో పెరిగినట్టు చూపిస్తుంది. ఉప్పు పట్టి ఉంచిన నీరు అది, రెండు రోజుల్లో పోతుంది. దానికి శిక్షగా ఒక పూట మానేశారా, పాత చక్రం మళ్లీ తిరిగినట్టే. రోజూ తూచుకోవడం ఆపలేని అలవాటుగా మారినవాళ్లు మిషను అటక మీద పెట్టి, నెలకోసారి నడుము చుట్టుకొలత చూసుకోవడం మంచిది. తూచుకోగలిగినవాళ్లకు వారానికోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు. జాతీయ పోషకాహార సంస్థ సూచన ప్రకారం వారానికి అర కిలో తగ్గడం సురక్షితం. పాతికేళ్ల వయసులో నెలకు పది కిలోలు తగ్గిన జ్ఞాపకం ఉన్నవాళ్లకు ఇది నత్తనడకలా కనిపిస్తుంది, కానీ కండ మిగిలే వేగం ఇదే. వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తే వ్యాయామం, అది నీళ్ల బాటిళ్లతో ఇంట్లో చేసినా సరే, కండను ఇంకా కాపాడుతుంది.

ఎవరు ఈ సమీక్షతో సరిపెట్టుకోకూడదో కూడా చెప్పాలి. తిన్నది కక్కేయడం, విరేచనాల మాత్రలు మింగడం, వారానికి ఒకసారైనా ఆపుకోలేకుండా తినడం, మూడు నెలలుగా నెలసరి రాకపోవడం, నిలబడితే కళ్లు తిరగడం, బరువు ఇప్పటికే తక్కువగా ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఇది ఉత్త బరువు సమస్య కాదు, డాక్టరు చూడాల్సిన విషయం, తిండి జబ్బు కూడా కావొచ్చు. బరువు తగ్గే ఆలోచన పక్కన పెట్టి డాక్టరును, తిండి జబ్బు అయితే మానసిక వైద్యుణ్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చాలా రోజులు దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్లు ఒక్కసారిగా మామూలు భోజనం మొదలుపెట్టడం కూడా ప్రమాదమే. రక్తంలో ఖనిజాలు ఉన్నట్టుండి పడిపోయి గుండె లయ తప్పొచ్చు, అది డాక్టరు కళ్లముందు జరగాల్సిన పని. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు అన్నం మానేసి రెండు రొట్టెలకు మారే ముందు మందు మోతాదు గురించి అడగాలి, లేకపోతే రాత్రి చక్కెర పడిపోవచ్చు.

పార్శిల్ విషయం. ప్లాస్టిక్ కవర్లో వేడి రొట్టె వేస్తే ఆవిరికి తడిసి ముద్దవుతుంది, చల్లారాక బిరుసెక్కుతుంది. ఒక పాత నూలు గుడ్డ, మూత ఉన్న డబ్బా వెంట తీసుకుపోండి. రొట్టెలు గుడ్డలో చుడితే గంట దాకా మెత్తగా ఉంటాయి. కూర వేరే డబ్బాలో పోయించుకుని, ఇంటికి వెళ్లాక ఐదు నిమిషాలు కదలకుండా పెడితే నూనె పైకి తేలుతుంది, చెంచాతో తీసేయొచ్చు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య రద్దీ ఎక్కువ, ఆ హడావుడిలో రొట్టెలు సగం కాలి అంచుల్లో పచ్చిగా ఉంటాయి, మళ్లీ పెనం మీద వేయమని అడగడానికి మొహమాట పడొద్దు. ఏడింటికి ముందు పోతే పప్పు గట్టిగా ఉంటుంది. పొద్దుపోయే కొద్దీ గిన్నెలో నీళ్లు పడుతూనే ఉంటాయి.